లారీ పోయినప్పుడల్లా

ఇంకా పిలవలేదు. లోపల పద్మనాభయ్య గారి గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రమే, ఆగి, తడుముకుని, మళ్ళీ మొదలై. ఆ గొంతు అలా తడుముకోవడం సంజీవరావు ఎప్పుడూ వినలేదు. యాభై తొమ్మిదిలో ఉప్పుకాలువ మీద వంతెన కడుతున్నప్పుడు ఇంజనీరుగా ఆయన ఈ గట్టున అరిస్తే ఆ గట్టున తట్టలు మోసే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఇప్పుడు బోగోలు బంగళాలో, ముగ్గురు విచారణాధికారుల ముందు, రిటైరై మూడేళ్ళు దాటిన మనిషి, నేను సిమెంటు దొంగిలించలేదండీ అని చెప్పుకుంటున్నాడు. అలాగే చెప్పుకుంటూ ఉండాలి. ఇంకేం చెప్పుకోగలడు? కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం వంతెన నడిమి దూలం విరిగి కాలువలో పడింది. విరగడానికి కారణం కావాలి. వంతెన తనిఖీ రిజిస్టరు చూశారు. దూలంలో పగులు ఉన్నమాట నిజమే గాని రెండున్నరేళ్ళుగా వెంట్రుకవాసి కూడా పెరగలేదని రిజిస్టరులో ఉంది. పెరగని పగులుతో వంతెన ఎలా పడుతుంది? మొదట్లోనే సిమెంటు తక్కువ వేసి ఉంటారు, అంతే. చక్కగా కుదిరింది. ఆ రిజిస్టరు రాసింది సూపర్వైజరు సంజీవరావు. నెలనెలా, నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో. నీ అక్షరాలు ముత్యాలోయ్ అని పద్మనాభయ్య గారే మెచ్చుకున్న అక్షరాలు.

వరండాలో బల్ల మీద తను కూర్చున్నాడు. మెట్టు మీద పడవ నడిపే ముత్యాలయ్య పెళ్ళాం కూర్చుంది. సాక్షుల జాబితాలో ఆమెను అలాగే రాశారు, ముత్యాలయ్య భార్య అని. తన తర్వాత పిలుపు ఆమెకే. ఒడిలో ఏదో మూట, కాళ్ళకు కాలువగట్టు బురద ఆరి తెల్లబడి ఉంది. పొద్దున్నే నడిచి వచ్చినట్టుంది. ఆమె వైపు చూడకూడదనుకుంటూ కాంపౌండు గోడ అవతల సరుగుడు తోపు వైపు చూశాడు. గాలికి తోపు మొత్తం ఒకే ఊపిరి పీల్చి వదులుతోంది. సరుగుడు కట్టెలే ఆ రోజు ముత్యాలయ్య పడవలో ఉన్నవి. మద్రాసు పొయ్యిలకు పోయే కట్టెలు. పడవ ముక్కు వంతెన కిందికి దూరింది, పైన రాళ్ళ లారీ ఎక్కింది, అంతకు ముందు వేల లారీలు ఎక్కినట్టే ఎక్కింది. డ్రైవరు దూకి బతికాడు. ముత్యాలయ్య కాలు మోకాలి పైకంటా తీసేశారు. పడవమనిషికి కాలు లేకపోతే గడ ఎక్కడ ఆనించి తోస్తాడు? ఈ ప్రశ్న రెండు నెలలుగా సంజీవరావుకు అన్నం ముందు వస్తోంది, సబ్బు రుద్దుకునేటప్పుడు వస్తోంది, చర్చిలో అందరూ లేచి నిలబడి పాడేటప్పుడు, రెండు కాళ్ళ మీద తనూ లేచి నిలబడేటప్పుడు వస్తోంది.

పొద్దున కరుణాకుమారి ఇస్త్రీ చొక్కా చేతికిచ్చి, మోకరించమని, తనూ పక్కన మోకరించి ప్రార్థన చేసింది. ప్రభువా, అబద్ధమెరగని నా భర్తను అధికారుల ఎదుట కాపాడు. ఆమేన్ అనాల్సిన చోట సంజీవరావు దగ్గాడు. ఆమె గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు కూడా తాగాడు. అబద్ధమెరగని భర్త. పెళ్ళయి ఆరేళ్ళు. ఆమెకు తెలిసిన సంజీవరావు వేరే ఎక్కడో ఉన్నాడు, చక్కటివాడు, వాడిని చూస్తే తనకే అసూయ.

"అయ్యా, పొద్దున ఏమన్నా తిన్నారా?"

మెట్టు మీంచి ఆమె అడుగుతోంది. తన్నేనా? ఇంకెవరున్నారు.

"తిన్నానమ్మా."

"మొగం చూస్తే తిన్నట్టు లేదే. జొన్నరొట్టె ఉండాది, పెట్టేదా?"

వద్దని తల ఊపాడు. రొట్టె పెడుతుందట. ఆమె రొట్టె. కాలు పోయినవాడి ఇంట్లో రొట్టె.

వంతెన కట్టడం పూర్తయ్యాక బరువు పరీక్ష చేసిన రోజు ఎండ మండిపోయింది. అది గుర్తు చేసుకోవడం సుఖంగా ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు తను ఏ తప్పూ చేయలేదు. వంతెన మీద ఇసుక మూటలు ఎనిమిది వరసలు పేర్చారు. కింద, దూలం మధ్యలో, గడియారం లాంటి కొలత సాధనం బిగించారు. పద్మనాభయ్య గారు పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి నీళ్ళలో దిగి ముల్లు వైపే చూస్తూ నిలబడ్డారు. ముల్లు అంగుళంలో పదోవంతు కదిలింది. ఇరవై నాలుగు గంటలు బరువు అలాగే ఉంచి, మూటలు దించితే, ముల్లు నెమ్మదిగా వెనక్కి నడిచి దాదాపు మొదటి గీత దగ్గరికే వచ్చేసింది. చూశావట్రా సంజీవరావ్, వెన్నెముక నిటారుగా నిలబెట్టింది మళ్ళీ! అని ఆయన తన భుజం మీద చరిచారు. ఆ సాయంత్రం నెల్లూరులో వాళ్ళింట్లో, అందరితో పాటు నడవలో ఆకు వేయించి భోజనం పెట్టారు. అప్పటివరకూ అలాంటి ఇంట్లో తను వీధి అరుగు దాటలేదు. తిని ఆకు తనే ఎత్తబోతే, కూర్చో, నువ్వు నాకు కొడుకు వరస అన్నారు. ఆ మాట అన్న గొంతే ఇప్పుడు లోపల... ఆగింది. మళ్ళీ మొదలయింది. ఇంకా అడుగుతున్నారన్నమాట. కంకర ఎక్కడిది, నీళ్ళు ఉప్పువా మంచివా, సిమెంటు బస్తాలు ఎవరు లెక్కపెట్టారు. బస్తాలు లెక్కపెట్టింది తనే. ఒక్క బస్తా తగ్గలేదు. ఆ సంగతి తనకు తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలియదు. కాంక్రీటు మంచిదే. అంత మంచి కాంక్రీటు ఈ తీరం మీద మళ్ళీ పోయలేదు.

ఒకసారి ఎంత పెద్ద బరువు పెట్టినా ఆగుతుంది. అది వేరు. అరవై ఒకటిలో శిక్షణకని మద్రాసు పంపించారు, పదిహేను రోజులు. అక్కడ ఒక ప్రయోగశాల. పొడవాటి కాంక్రీటు దూలం ఒకటి రెండు దిమ్మెల మీద పడుకుని ఉంది. పైన యంత్రం ఒకటి దాని నడుం మీద నొక్కుతుంది, వదులుతుంది, నొక్కుతుంది, వదులుతుంది. టక్, టక్, టక్. పక్కన అంకెలు తిరిగే పెట్టె. గంగాధరం గారని ఒక లెక్చరరు, సన్నగా, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని ఉండేవాడు. పది టన్నులు ఒక్కసారి పెట్టండి, ఓర్చుకుంటుంది అన్నాడు. ఆరు టన్నులే పెట్టండి, కాని లక్షలసార్లు పెట్టండి. పెట్టి తీసిన ప్రతిసారీ లోపలి ఇనప కమ్మీలో కనపడనంత గాటు కొంచెం లోపలికి పోతుంది. ఉప్పుగాలి తగిలే చోటయితే ఇంకా త్వరగా పోతుంది. కమ్మీ సాగదు, ఒంగదు, ముందుగా మనకేమీ చెప్పదు. మీకు కనపడేది ఒక్కటే, పైన కాంక్రీటులో పగులు బరువు ఎక్కినప్పుడు తెరుచుకుంటుంది, దిగినప్పుడు మూసుకుంటుంది. ఆ తెరుచుకోవడం నెలనెలా ఎక్కువవుతుంటే ఆలస్యం చేయకండి. ఇదంతా సంజీవరావు నోటుబుక్కులో రాసుకున్నాడు. మూడో రోజు సాయంత్రం అందరూ కాఫీకి పోతే తనొక్కడే ఆ యంత్రం దగ్గర నిలబడ్డాడు. పగులు కళ్ళ ముందే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. చూసి అబ్బురపడ్డాడు. తెలియక చేశానని చెప్పుకోవడానికి ఇక వీల్లేదు. తెలియనివాడికి దేవుడి దగ్గర కూడా ఏదో ఒక దారి ఉంటుంది.

అరవై మూడులో సముద్రం వైపు కొత్త రోడ్డు మొదలయింది. రాళ్ళ లారీలు. రోజుకు నూరు, ఒక్కోరోజు నూటయాభై. వేసవిలో నడిమి దూలం కింద పగులు కనపడింది. కొత్త ఇంజనీరు గారు ఉత్తర్వు రాశారు. పగులుకు అడ్డంగా పల్చటి గాజుపలక అంటించాలి, పగులు పెరిగితే గాజు పగులుతుంది, సూపర్వైజరు నెలకోసారి చూసి రాయాలి. చిన్న పని. రెండో నెలకే గాజు పగిలింది. సంజీవరావు ఆ ముక్కలు కాగితంలో చుట్టుకుని ఆఫీసుకు పోయాడు. అక్కడ పదిమంది ఉన్నారు. ఇంజనీరు గారు పొట్లం విప్పి చూసి, గాజు అంటించడం కూడా చేతకాదటయ్యా నీకు, చేతులు వణుకుతాయా అన్నారు. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. ఏమంత మాట? మామూలు మాటే. ఇంకొకడయితే పరవాలేదండీ, మీరొచ్చి చూడండి అనేవాడు. తను మాత్రం ఆ నవ్వును ఇంటికి మోసుకుపోయాడు, ఆ పలక సంగతి రిజిస్టరులో రాయలేదు. వీళ్ళ చేతులతో ఏ పని చేయించినా ఇంతే అని ఎవరో అన్నట్టు కూడా అనిపించింది. ఎవరూ అనలేదు. అన్నట్టు అనిపించింది, అంతే. తర్వాత మూడో నెలలో రెండో పలక పగిలింది. కాలువలోకి విసిరేశాడు. గుండెలో ఏమీ కాలేదు, నీళ్ళలో చిన్న చప్పుడు. కొత్తది అంటించి రిజిస్టరులో రాశాడు, గాజు చెక్కు చెదరలేదు. ఆ వాక్యం రాయడం ఎంత తేలిక. రాశాక రెండోసారి ఇంకా తేలిక. మూడో పలక. నాలుగో పలక. ఒకటి పగిలిందని చెప్పాలంటే వెనకవన్నీ చెప్పాలి. ఇక ఎక్కడ మొదలుపెట్టేది?

ముత్యాలయ్య పెళ్ళాం అక్కడే ఉండేది. వంతెన కింద నీడలో కూర్చుని తాటాకు బుట్టలు అల్లేది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, పైన లారీలు పోతుంటే. పోయిన ఏడు మాఘ మాసంలో, నాలుగో పలక అంటిస్తుంటే దగ్గరికి వచ్చింది.

"అయ్యా, ఒక మాట. లారీ పోయినప్పుడల్లా ఈ సందు నోరు తెరస్తా ఉండాది. మళ్ళా మూసుకుంటా ఉండాది."

"నీకెందుకే?"

"పోయినేడు ఈనె దూరేది కాదు. ఇప్పుడు చూడండి."

తాటాకు ఈనె ఒకటి తీసి పగులులో దూర్చింది. ఈనె బిగుసుకుని నిలబడింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. లారీ వచ్చింది. దుమ్ము రాలింది. ఈనె వదులై జారి నీళ్ళలో పడింది. లారీ దిగిపోయాక ఇంకో ఈనె తీసి దూరిస్తే మళ్ళీ బిగుసుకుని నిలబడింది. మద్రాసులో అంత పెద్ద యంత్రం పెట్టి చూపించింది ఆమె తాటాకు ఈనెతో చూపించింది. సంజీవరావుకు ఒళ్ళు చల్లబడింది. ఆ చల్లదనం ఇప్పటికీ వీపు మీద ఉంది. ఏం చేశాడు? నవ్వాడు. ఆఫీసులో తన మీద నవ్విన నవ్వే, సరిగ్గా అలాగే. "ఏమ్మే, నువ్వు ఇంజనీరువా? పోయి బుట్టలల్లుకో" అన్నాడు. ఆమె కోపగించుకోలేదు. మీకు తెలవనిదేముందిలే అయ్యా అని పోయి కూర్చుంది. ఆ మాట నమ్మి అంది. అందుకే ఆమె మొగుణ్ణి ఆ దారిన పోవద్దని అనలేదు. సూపర్వైజరయ్య చూసినాడు గదా, ఆయనకు తెలుసు గదా. తొమ్మిది నెలలు, రోజుకు నూరు లారీలు, ఒక్కో లారీకి ఒక్కోసారి నోరు తెరిచి, మూసి. తర్వాత ముత్యాలయ్య పడవ.

వంతెన పడిన మర్నాడు నీళ్ళలో దిగి చూశాడు. తెగిన కమ్మీల కొనలు. తెగిన చోట చాలావరకు నున్నగా, తుప్పు పట్టి, పాతబడి ఉంది. ఒక చివర కొంచెం మేర మాత్రం గరుకుగా, మెరుస్తూ, నిన్న తెగినట్టు. నున్నటి భాగం ఎన్నో నెలలుగా తెగుతూ వచ్చింది. మెరిసే భాగం ఒక్కటే ఆ మధ్యాహ్నం దాకా వంతెనను మోసింది. అధికారులూ చూశారు. తుప్పు అని రాసుకున్నారు. తను పక్కనే నిలబడి, అవునండి, తుప్పేనండి అన్నాడు.

"అయ్యా." ఆమె మళ్ళీ పిలిచింది. ఈసారి లేచి బల్ల దగ్గరికి వచ్చి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "భయపడబాకండి. ఆ దినం నేను మీకు చెప్పిన మాట లోపల ఎత్తను. నాకేం తెలవదంటా."

"ఎందుకు?"

"ఎందుకేంది? మా చిన్నదానికి జరమొచ్చినప్పుడు మాత్రలు తెచ్చిచ్చినారు. మీ ఉద్యోగం తీయించినంత మాత్రాన ఆయన కాలొస్తదా? మీరు మాత్రం ఏం చేస్తారు, పైవోళ్ళు మిమ్మల్ని చేయనిచ్చినారా?"

మాత్రలు. ఎప్పుడు? గుర్తు లేదు. ఏదో రోజు జేబులో ఉన్నవి ఇచ్చి ఉంటాడు. ఆమె దాన్ని ఇంతకాలం దాచుకుని, ఇప్పుడు తీసి, కాలికి బదులుగా తన ముందు పెడుతోంది. తిట్టొచ్చు గదా. దుమ్మెత్తి పోయొచ్చు గదా, ఈ వరండాలో, బంట్రోతులు చూస్తుండగా. తిడితే తల వంచుకునేవాడు. తల వంచుకోవడానికి ఒక చోటు దొరికేది. ఆమె మెట్టు దగ్గరికి పోయి మళ్ళీ కూర్చుంది, మేలు చేసిన మనిషిలా తేలిగ్గా. సంజీవరావు రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించి వాటినే చూస్తూ ఉండిపోయాడు. పైవాళ్ళు చేయనివ్వలేదు, ఎంత మంచి మాట. లోపలికి పోయి అదే చెప్పొచ్చు. లేదా ఏమీ చెప్పకుండా, రిజిస్టరులో ఉన్నదే నిజమనొచ్చు. ఆమె చెప్పదు. ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. పద్మనాభయ్య గారు దొంగ అనిపించుకుంటారు, ఉన్న పెన్షను పోతుంది, తను వచ్చే ఏడు ఓవర్సీరవుతాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. బంట్రోతు తలుపు తీశాడు.

"సంజీవరావు గారు, రండి."

గది నిండా పాత కర్టెన్ల వాసన. బల్ల అవతల ముగ్గురు, చివర్న రాసుకునే గుమాస్తా. పద్మనాభయ్య గారిని పంపించలేదు, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఎంత చిన్నగా అయిపోయాడు మనిషి. నడిమి అధికారి రిజిస్టరు తెరిచి వేలు పెట్టాడు. "ఈ దస్తూరీ మీదేనా? బాగుంది. రెండున్నరేళ్ళలో గాజు ఒక్కసారి కూడా పగల్లేదు. అంటే మొదటి నుంచీ కాంక్రీటులోనే లోపం. అవునంటే సంతకం చేసి వెళ్ళొచ్చు."

అవునండి అనే మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ నాలుకకు అదే అలవాటు.

"కాదండి. నాలుగుసార్లు పగిలింది."

చెప్పడం మొదలయ్యాక మాటలు వాటంతటవే వచ్చాయి, వరస లేకుండా. గాజు, కాలువ, మద్రాసు యంత్రం, కమ్మీ తెగిన చోట నున్నటి భాగం, తెరుచుకునే పగులు, ఒక్కసారి పెట్టిన బరువుకూ లక్షసార్లు పెట్టిన బరువుకూ తేడా, సిమెంటు బస్తాలు తనే లెక్కపెట్టాడని, ఒక్కటీ తగ్గలేదని. కిటికీ దగ్గర పద్మనాభయ్య గారు తల తిప్పారు.

"నాలుగు పలకలా, సంజీవరావ్?"

"అవునండి."

"నెల్లూరు ఎంత దూరం? ఇంటికొచ్చి ఒక్కముక్క చెప్పకపోయావా?" అని, జవాబు కోసం చూడకుండా మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయారు. ఆ తర్వాత ఆయన తనవైపు చూడలేదు.

నడిమి అధికారి రిజిస్టరు మూసి, "లారీ పోతున్నప్పుడు పగులు తెరుచుకోవడం, ఆ వెడల్పు పెరుగుతూ రావడం, ఇది అసలు సంగతి. తప్పు చేసినా చూపు మాత్రం ఉంది మీకు" అని గుమాస్తా వైపు తిరిగాడు. "రాయి. సూపర్వైజరు స్వయంగా గమనించినాడు." కలం కదిలింది. సూపర్వైజరు. స్వయంగా. సంజీవరావు కలం చప్పుడు వింటూ నిలబడ్డాడు. చెడ్డవాడే గాని చూపు ఉన్నవాడు. ఒక్క క్షణం ఆ మాట ఒంటికి హాయిగా తగిలింది, ఎండలోంచి వచ్చినవాడికి నీడ తగిలినట్టు. గుమాస్తా వాక్యం పూర్తి చేసేదాకా ఆ హాయిలోనే ఉన్నాడు. ఇన్ని చెప్పుకుని, ఇంత కక్కుకుని, ఇప్పుడు కూడా ఇది ఉంచుకోవాలని చూస్తున్నాడు. నాలుగు గాజుపలకలకు కూడా కాలనంతగా ముఖం కాలింది.

"అది నేను కాదండి. నాకు ఆమె చూపించింది. వంతెన కింద ఉండే ఆమె. ఈనె పెట్టి కొలిచి చూపించింది. నేను నవ్వి పొమ్మన్నాను."

"ఎవరామె?"

"ముత్యాలయ్య భార్య. బయట ఉంది."

"పేరు?"

మూడేళ్ళు. ఎన్నిసార్లు ఆమె ముంత నుంచి మజ్జిగ తాగాడు. ఎన్నిసార్లు ఆమె పక్కకు జరిగితే నిచ్చెన వేసుకున్నాడు. ఏమ్మే. ఇదిగో. నిన్నే. గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు.

"తెలియదండి" అన్నాడు సంజీవరావు. "అడిగి వస్తాను."

వరండాలోకి వచ్చాడు. వెలుతురు కళ్ళకు కొట్టింది. ఆమె లేచి నిలబడి, ముఖం చూసి, "ఏమన్నారయ్యా?" అంది.

"నీ పేరేందమ్మా?"

ఆమె ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. "నా పేరెందుకు? ఆయన పేరు రాసుకున్నారు గదా. కేసేమన్నా పెడతారా?"

"పెట్టరు. పగులు నువ్వు చూసినావని రాస్తారు."

"నేను చూసినట్టు రాస్తే, మీకు చెప్పినట్టు కూడా రాయాల గదయ్యా?"

"రాయాల. చెప్పినా గూడా వినలేదని నేనే చెప్పి వచ్చినా."

ఆమె అతణ్ణి చూసింది. ఆ చూపులో ఇందాకటి దయ లేదు. ఇంతసేపూ ఆ దయ కింద కూర్చోలేక చచ్చిపోయినవాడికి, అది పోయాక గాని అది ఎంత పెద్ద ఆసరానో తెలియలేదు. "అయితే ఆ దినం మీకు తెలుసన్నమాట" అంది ఆమె నెమ్మదిగా. "ఈనె పడినప్పుడే తెలుసు."

"తెలుసు."

లోపలి నుంచి బంట్రోతు తొంగిచూశాడు. ఆమె ఒడిలోని మూట తీసి మెట్టు మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు దులుపుకుంది.

"మస్తానమ్మ" అంది. "మా పాళెంలో ముగ్గురు మస్తానమ్మలుండారు. బుట్టలల్లే మస్తానమ్మ అని రాయమనండి. మళ్ళా ఇంకోరనుకుంటారు."